ఇరవై... ఇరవై!

సత్యదేవ్‌ను నమ్మినవాడు నీళ్లలో మునగడు.

నేల మీద మునుగుతాడు!

తుకారాం అలాగే మునిగాడు. మెట్టుగూడ గల్లీలో, అందరి ముందూ, మెడ దాకా.

ఇవాళ ఆ సత్యదేవ్ దొరికాడు.

అదిగో... తెల్ల కారు!

కార్ఖానా మెయిన్ రోడ్డు. అప్పుడే చీకటి పడింది. వాన దంచి కొడుతోంది. దుకాణాల లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. తెల్ల కారు రెండు ఆటోల మధ్య నుంచి దూసుకుపోయింది.

"ఎడమకు కొట్టిండు! ఎడమకు!" తుకారాం డ్యాష్‌బోర్డు మీద చరుస్తాడు.

"నాకు కండ్లు లేవా అన్నా? జెర కూసో." స్టీరింగ్ పట్టుకున్న రాఘవేందర్ నవ్వుతాడు. "బోటు మీద బొగ్గు మోసి మోసి నీ దిమాగ్ సుత నల్లగైనట్టుంది."

జీపు విసురుగా ఎడమకు తిరిగింది. టైర్లు కీచుమన్నాయి.

రాఘవేందర్ భూముల పంచాయితీలు తెంపే మనిషి. పోయిన వారం చాయ్ హోటల్లో తనంతట తానే వచ్చి తుకారాం పక్కన కూర్చున్నాడు. "నీ ప్లాటు సంగతి ఇన్న. నాకు పైసా వద్దు. మోసగాళ్లంటే నాకు మంట" అన్నాడు.

తుకారాం నమ్మాడు.

నమ్మడం అతనికి ఒక రోగం.

అందుకే ఇవాళ సాయంత్రం సత్యదేవ్ ఫోన్ చేసి, "ఒరేయ్ తుకారాం, నిన్ను కలవాలి. కార్ఖానా పెట్రోల్ బంకు దగ్గరికి రా. ఒక్కడివే రా" అనగానే, ఆ మాట తీసుకెళ్లి రాఘవేందర్ చెవిలో వేశాడు.

ఒక్కడివే రమ్మన్నాడు!

బంకులోకి జీపు తిరగడం చూడగానే సత్యదేవ్ కారు ఎగిరి పరుగందుకుంది.

"అసలు గా ఆంధ్రోడు నీకెట్ల తగిలిండే?" రాఘవేందర్ గేరు మారుస్తూ అడుగుతాడు.

"మా సరంగు."

తుకారాం అద్దం మీది ఆవిరి చేత్తో తుడుస్తాడు.

ఏం చెప్పాలి?

హుగ్లీ నది. టగ్గు బోటు. దాని ముందు రెండు బార్జీలు, నిండా బొగ్గు. వాటిని వెనక నుంచి నెట్టుకుంటూ పోవడమే పని. తొమ్మిది నెలలు నేల మీద కాపురం ఉండదు. ఇంజను హోరులోనే తిండి. ఇంజను హోరులోనే నిద్ర. కాకినాడ సత్యదేవ్ బోటు నడిపే సరంగు. తాడు పట్టే కళాసీ తుకారాం. ఒకటే క్యాబిన్. కింద మంచం సరంగుది, పైమంచం కళాసీది. సత్యదేవ్ చేపల పులుసు వండితే తుకారాం గిన్నె నాకేవాడు.

టగ్గు మీద ఒక పద్ధతి ఉంది.

సరంగుకు బార్జీ ముక్కు కనపడదు. ఆ ముక్కు మీద కళాసీ నిలబడాలి. వంతెన స్తంభం ఎంత దూరమో, ఒడ్డు ఎంత దూరమో వాకీటాకీలో చెబుతూ ఉండాలి. నలభై అడుగులు... ముప్పై... ఇరవై... అంకె తగ్గుతూ పోతే అంతా క్షేమం.

ఒకే అంకె రెండుసార్లు వినపడిందా... ప్రమాదం!

అప్పుడు సరంగు ఎందుకని అడగడు. ఆలోచించడు. ఆపేస్తాడు.

ముక్కు మీది గొంతు అబద్ధం చెప్పదు. చెబితే బోటు మీద ఎవడూ మిగలడు.

"మా సరంగట!" రాఘవేందర్ కిటికీలోంచి ఉమ్మేశాడు. "మరి మీ సరంగు నీ జాగా ఎట్ల మింగిండు?"

తుకారాం తల దించుకుంటాడు.

రెండేళ్ల కింద సత్యదేవ్ టగ్గు దిగి యాప్రాల్‌లో ఇళ్లు కట్టించే పనిలో పడ్డాడు. "నీ నూట అరవై ఏడు గజాల ప్లాటులో ఇల్లు నేను లేపుతారా. నువ్వు నీళ్ల మీదే ఉంటావు కదా, జీపీఏ రాసియ్యి, నీ బదులు సంతకాలు నేనే పెడతా" అన్నాడు. తుకారాం ఏడో తరగతిలో బడి మానేశాడు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఫోన్‌కు ఫోటోలు వచ్చేవి. పిల్లర్లు. గోడలు. స్లాబు! ఒక్కోటీ భార్య కుసుమకుమారికి పంపేవాడు. స్లాబు పడ్డ రోజు ఆమె గల్లీ అంతా లడ్డూలు పంచింది.

ఆ స్లాబు ఇంకెవరిదో.

పోయిన నెల తుకారాం టగ్గు దిగి వచ్చాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని ఇద్దరూ ఆటోలో యాప్రాల్ పోయారు. అక్కడ ఇల్లు లేదు. ప్లాటు చుట్టూ కొత్త గోడ. నీలం గేటు. గేటు వెనక కుక్క. వాచ్‌మన్ బయటికొచ్చి అడిగాడు.

"ఎవరు కావాలమ్మా?"

ఆమె గేటును చూసింది. తర్వాత మొగుడిని చూసింది.

తిరిగొచ్చే దారంతా కొబ్బరికాయ ఒడిలోనే పెట్టుకుంది.

తిట్టినా బాగుండేది!

"అన్నా... దొరికిండు!"

రాఘవేందర్ కేకకు తుకారాం ఉలిక్కిపడ్డాడు. యాప్రాల్ దాటేశారు. తెల్ల కారు మెయిన్ రోడ్డు వదిలి మట్టి దారి పట్టింది. పాత రాళ్ల క్వారీ దారి.

అది ఎటూ పోదు!

కొంత దూరంలో జీపు ఆగింది. లైట్లు ఆరిపోయాయి. ఇద్దరూ దిగి, తడుస్తూ, రాళ్ల చాటుగా ముందుకు నడిచారు.

మట్టి దారి క్వారీ గుంత అంచు వెంట పోయి, చివర్లో అడ్డం తిరిగి, రాళ్ల గుట్టకు తగిలి ఆగిపోయింది. తెల్ల కారు ముక్కు గుట్టకు ఆనుకొని ఉంది. దాని వెనక నలభై అడుగుల నేల. ఆ తర్వాత గుంత. నిండా నల్లటి నీళ్లు.

తుకారాం జేబులో ఫోన్ మోగింది.

సత్యదేవ్!

రాఘవేందర్ ఆ ఫోన్ లాక్కొని స్పీకర్ నొక్కి, మళ్లీ అతని నోటి ముందు పెట్టాడు.

"ఒరేయ్ తుకారాం! ఎక్కడున్నావురా?"

"ఈడనే. నీ వెనకనే ఉన్న సరంగూ."



"అద్దాల నిండా నీళ్లురా. ఏమీ కనపడ్డంలేదు. బండి వెనక్కి తీసి తిప్పుకోవాలి. వెనక ఎంతుంది?"

అదే గొంతు. అదే ప్రశ్న. హుగ్లీ మీద వెయ్యిసార్లు అడిగిన ప్రశ్న!

రాఘవేందర్ ఫోన్‌ను అరచేత్తో మూసి తుకారాం చెవిలో ఊదాడు. "శానా ఉందని చెప్పు. వాడే పడి సస్తడు. మన చేతికి మట్టంటదు."

"సంపుడేందీ? ప్లాటు వాపస్ ఇస్తనని సంతకం పెట్టించుకుంటమన్నవ్ గదా!"

"నీ పెండ్లాం కొబ్బరికాయ యాది జేస్కో అన్నా."

కొబ్బరికాయ...

నీలం గేటు...

ఎవరు కావాలమ్మా?

తుకారాం నోరు తెరిచాడు. అతని మీద పిస్తోలు లేదు. మెడ మీద కత్తి లేదు. తనంతట తానే అన్నాడు.

"తొంభై అడుగులు ఉంది సరంగూ. రా."

ముక్కు మీద నిలబడి మొదటిసారి అబద్ధం చెప్పాడు.

ఎర్ర లైట్లు వెలిగాయి. కారు వెనక్కి కదిలింది.

ఏమీ అడగలేదు! తొంభై అంటే తొంభై. అంతే.

"ఎనభై..."

"ఒరేయ్, ఒక మాట." ఫోన్‌లో సత్యదేవ్ గొంతు. "ఇందాకే పోలీసులకు ఫోన్ చేశా. క్వారీకి రమ్మన్నా. నన్ను తరుముతున్నది రాఘవేందర్. నీ ప్లాటు కొన్నది వాడేరా!"

తుకారాం లెక్క ఆపేశాడు.

పక్కకు చూశాడు.

రాఘవేందర్ నవ్వుతున్నాడు. వాడి చేతిలో పిస్తోలు తుకారాం పక్కటెముకల మీద ఆనింది. ఫోన్‌కు వినపడకుండా గుసగుసగా అన్నాడు. "వాడు స్టేషన్‌లో నోరు తెరిస్తే నా రిజిస్ట్రేషన్ పోతది. లెక్క ఆపకు. చెప్పు!"

"అరవై..."

కారు వస్తోంది. నిజానికి అంచు ఇక పదిహేను అడుగులే!

"నలభై..."

పది!

దూరంగా సైరన్.

"ముప్పై..."

ఆరు! వెనక టైర్ల కింది మట్టి గుంతలోకి రాలుతోంది.

"ఇరవై..."

పిస్తోలు గట్టిగా గుచ్చుకుంది.

తుకారాం గొంతు చించుకున్నాడు.

"ఇరవై!"

కారు కీచుమంది.

ఆగిపోయింది!

వెనక టైరు అంచు మీద ఉంది. ఇంకో జానెడు పోతే గుంతలోనే.

"ఏం జెప్పినవ్ రా వానికి?" రాఘవేందర్‌కు అర్థం కాలేదు. "ఏం జెప్పినవ్?"

కారు తలుపు తెరుచుకుంది. సత్యదేవ్ దిగాడు. బక్కచిక్కాడు. జుట్టంతా తెల్లబడింది. రెండు చేతులూ పైకెత్తి, గుంత అంచు వెంటే నడిచి వచ్చి, గుంతకు వీపు పెట్టి వాళ్ల ముందు ఆగాడు. పిస్తోలును చూడలేదు. తుకారాంనే చూశాడు.

"ఈ బండికి వెనక కెమెరా ఉందిరా."

తుకారాం కారు వైపు చూశాడు.

"తెర మీద గుంత శుభ్రంగా కనపడింది. జీపులో వాడి పక్కన నువ్వుండడం బంకు దగ్గరే చూశా."

"మరి... మరి ఎందుకొచ్చినవ్ సరంగూ?"

"తొంభై అన్నావు కదరా." సత్యదేవ్ మొహం మీద వానో కన్నీళ్లో తెలియలేదు. "నీ ప్లాటు అమ్ముకు తిన్నాను. నువ్వు పడెయ్యాలనుకుంటే పడాల్సినవాణ్నే అనుకున్నా. కానీ ఇరవై రెండుసార్లు అన్నావు చూడు... అది చాల్రా నాకు. పద, స్టేషన్‌లో అంతా చెప్పేస్తా."

సైరన్ దగ్గరైంది.

రాఘవేందర్ చెయ్యి లేచింది.

తుకారాం వాడి మీదికి దూకాడు! మణికట్టు దొరికింది... తడికి జారింది...

ఢాం!

సత్యదేవ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

వెనక ఎంతుందో ఈసారి ఎవరూ చెప్పలేదు.

నీళ్ల చప్పుడు...

తుకారాం కూడా దూకాడు. చీకటి నీళ్లు. చేతికి చొక్కా కాలరు తగిలింది. దాన్ని పట్టుకొని రాతి మీదికి ఈడ్చాడు.

"సరంగూ! ఓ సరంగూ!"

తెరుచుకున్న నోట్లోకి వాన పడుతోంది. ఆ నోరు మూసుకోలేదు.

పైన అరుపులు. బురదలో దిగబడ్డ జీపు దగ్గరే రాఘవేందర్‌ను పట్టుకున్నారు. ఎస్సై టార్చి వెలుతురు వచ్చి తుకారాం మొహం మీద ఆగింది.

"ఎవర్రా నువ్వు? సచ్చిపోయినోడు నీకేమైతడు?"

తుకారాం సత్యదేవ్ కాలరు వదల్లేదు.

"సచ్చే ముందు ఏమన్న అన్నడా?"

"లేదు సార్."

రెండో అబద్ధం. నిజం చెబితే తొంభై సంగతి కూడా చెప్పాలి. దీనికీ ఎవడూ పిస్తోలు పెట్టలేదు.

"మరి ఇంత వానల ఈడికెందుకొచ్చినవ్? నీదేం పోయింది?"

తుకారాం సత్యదేవ్ మొహం చూశాడు. 'మా సరంగు' అనాలి. సిగ్గు అడ్డం పడింది. తల దించుకుని, చెప్పగలిగిందే చెప్పాడు.

"నూట అరవై ఏడు గజాలు సార్."