నీళ్ళు లేని చేప

పొద్దున్నే భర్త పాదం చెప్పులో దూరలేదు. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. ఆమె మళ్ళీ నొక్కి చూసింది. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పి ఏడు నెలలైంది. ఆనాటి నుంచి ఆయనకు కొలవకుండా ఏదీ పెట్టలేదు. మంచినీళ్ళు సైతం సీసాకు గీత గీసి పోసింది. మరి ఒంట్లో ఈ నీరు ఎక్కడిది?

“ఏం పెట్టావో నీకే తెలియాలి. పథ్యమంటూ వాడు చిక్కి శల్యమయ్యేలా చేశావు, ఇప్పుడేమో ఇలా ఉబ్బించావు” అంది అత్తగారు.

ఆ మాట సూదిలా దిగింది. పెట్టింది నిజమే మరి! ఆయన మార్కెట్లో రోజంతా చేపలు కోసి, ఇంటికొచ్చి చప్పిడి అన్నంలో వేళ్ళతో గీతలు గీస్తుంటే చూడలేకపోయింది. చేప పెట్టవచ్చా అని డాక్టర్ని అడగడానికి మొహమాటపడి, తనే ఆలోచించింది. డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు. పచ్చిచేప నిండా నీళ్ళే. ఎండుచేపలో చుక్క ఉండదు! పుట్టింట్లో పదేళ్ళ వయసు నుంచి చేపలు ఎండబెట్టిన మనిషికి అది తప్పనిపించలేదు. నెల రోజులుగా పూటకు రెండు ముక్కలు మందులా వేయించి పెట్టింది. ఆయన మరో ముద్ద అడిగి తింటే చాటుగా కళ్ళొత్తుకుంది.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ముగ్గుర్నీ ఆహారం గురించి చెప్పే అమ్మాయి గదికి పంపారు. ఎండుచేపల సంగతి ఏదీ దాచకుండా కోడలే చెప్పింది.

“నా చేత్తో నేనే ఆయన్ని చంపుకుంటున్నానా తల్లీ...”

ఆ అమ్మాయి కసురుకోలేదు. చేప ఎండబెట్టేముందు ఏం పట్టిస్తారని మాత్రం అడిగింది. ఆమె తన అరచేతులు చూసుకుంది. ఉప్పు! గంపలకొద్దీ తన చేతుల్తోనే పట్టించిన ఉప్పు! అదే ఒంట్లో నీటిని కదలనివ్వకుండా పట్టి ఉంచిందట. ఎండుచేప ఆపేస్తే వాపు దిగుతుంది, పరీక్షలో కిడ్నీల అంకెలు మాత్రం పెరగకుండా పాతచోటే ఉన్నాయి అని చెప్పింది ఆ అమ్మాయి. రొయ్యలు, పీతలు ఇప్పుడే వద్దంది. తాజా చేప మాత్రం వారానికి రెండుసార్లు, అరచేతంత ముక్క, ఉప్పు లేకుండా నిమ్మరసంతో తినవచ్చంది. ఆ పూటకు పప్పూ గుడ్డూ మానాలంది.

“అయితే ఆ ఆరు నెలలూ చేప లేదని ఊరికే ఏడ్చానన్నమాట” అన్నాడాయన.

ఇంట్లో మిగతావాళ్ళు ఏం తింటున్నారని ఆ అమ్మాయి అడిగేసరికి అత్తగారు తలవంచుకుంది.

“నేనైతే నా చెల్లెలింటికి వెళ్ళి చేపలు తినొస్తున్నా. కోడలేమో ఏడు నెలలుగా ముల్లు కూడా ముట్టలేదు. ఆయన తినంది నాకెందుకంది.” కోడలి వైపు తిరిగింది. “పొద్దున నోరు జారానమ్మా.”

పది రోజులకు వాపు దిగిపోయింది. ఊరందరికీ ముప్పై ఏళ్ళుగా చేపలు కోసిన మనిషి, ఆ మధ్యాహ్నం ముగ్గురికే కోశాడు. అత్తగారు మొదటి ముక్క తీసి కోడలి కంచంలో వేసింది.

“ఉప్పు లేదు కదా, ఎలా ఉంది?” అని అడిగాడాయన.

“మాట్లాడించకండి, ముల్లు గుచ్చుకుంటుంది” అంటూ ఆమె తల ఎత్తకుండానే ముద్ద మింగింది.