దగ్గండి, తగ్గండి

ఆస్పత్రి గేటు ముందు క్రేన్ అనే కుర్రాడు వ్యాను ఆపాడో లేదో, వెనకనుంచి స్కూటర్ హారన్ మొదలైంది. ఆగితే ఒట్టు.

క్రేన్ అతని అసలు పేరు కాదు. బావతో, ఒక డ్రైవరుతో కలిసి ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు వ్యానులో చేరవేయడం అతని పని. ఒకసారి నిండు బీరువాని ఒంటరిగా వీపున వేసుకుని రెండంతస్తులు ఎక్కించాడు. అది చూసి బావ పెట్టిన పేరది. ఇప్పుడు సొంత అక్క కూడా అలాగే పిలుస్తోంది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి అతను బరువులు మోస్తూనే ఉన్నాడు. మధ్యలో అపెండిక్స్ పగిలి, పొట్ట కోసి కుట్టినప్పుడు మాత్రం కొన్నాళ్ళు మంచాన ఉన్నాడు, అదీ మొహం మాడ్చుకుని.

"ఏవండీ, ఇది స్టాఫ్ గేటు. వ్యాను తీయండి," అంది స్కూటర్ మీది అమ్మాయి. మొహానికి మాస్కు, పైన రెండు కోపిష్టి కళ్ళు.

"ఒక్క నిమిషం అండీ. పక్కన అంత సందుంది, వెళ్ళిపోవచ్చుగా?"

"సందుల్లోంచి దూరడానికి నేనేమన్నా పిల్లినా? మీరే వెనక్కి తగ్గండి."

"నేను తగ్గను. ముందొచ్చింది నేను."

వాచ్‌మన్ విజిల్ ఊదుకుంటూ వచ్చేసరికి తగ్గక తప్పలేదు. ఆమె స్కూటర్ అతని అద్దాన్ని దాదాపు రాసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. థాంక్స్ కూడా లేదు.

అతను ఆస్పత్రికి వచ్చింది పొట్టమీది మచ్చ కోసం. కొన్నాళ్ళుగా ఆ మచ్చ పక్కన చిన్న ఉబ్బు కనిపిస్తోంది. నిలబడితే వస్తుంది, పడుకుంటే పోతుంది. గ్యాసేమో అనుకుని ముందు సోడా తాగి చూశాడు. సోడాకి లొంగే బాపతు కాదని తేలాక డాక్టరు దగ్గరికి వచ్చాడు. స్కాన్ తీయించుకు రమ్మన్నారు.

స్కాన్ గదిలో వెలుతురు తక్కువ, చల్లదనం ఎక్కువ.

"పడుకోండి. చొక్కా పైకి అనండి," అంది స్కానింగ్ అమ్మాయి.

ఆ గొంతు ఎక్కడో విన్నాననుకుంటూ తలెత్తాడు. అదే మాస్కు, అవే కళ్ళు. ఆమె కూడా గుర్తుపట్టింది. ఆమె పగ తీర్చుకున్నట్టు చల్లటి జెల్ పొట్టమీద పోసింది, మిషన్ కొసని మచ్చ పక్కన ఆనించి తెర వైపు తిరిగింది.

"తగ్గండి," అని వినపడింది.

క్రేన్‌కి ఒళ్ళు మండింది. "ఇంకా ఎక్కడికి తగ్గమంటారు? వ్యాను వెనక్కి తీశానుగా!"

"ఏంటీ?"

"పడుకున్నవాణ్ణి పట్టుకుని తగ్గమంటారేంటండీ? ఇంతకన్నా తగ్గితే మంచం కింద ఉంటాను."

ఆమె ఒక్క క్షణం అయోమయంగా చూసింది. అప్పుడు వెలిగింది. "బాబూ, దగ్గమన్నాను. దగ్గు. ఖొఖ్, ఖొఖ్! దగ్గితే ఆ ఉబ్బు బయటికొస్తుంది, చూడాలి."

"అలా చెప్పొచ్చుగా."

"అలాగే చెప్పాను!"

అతను దగ్గాడు. దగ్గుతూ నవ్వాడు. ఆమె నవ్వు ఆపుకోబోయింది గాని చెయ్యి వణికి తెరమీది బొమ్మంతా చెదిరిపోయింది. మళ్ళీ మొదటినుంచి చూడాల్సి వచ్చింది. ఈసారి ఆమె ఎక్కువసేపే చూసింది, నవ్వకుండా చూసింది.

"ఏముందండీ లోపల?"

"డాక్టరుగారు చెబుతారు."

"మీకు కనిపిస్తోందిగా?"

"చూడటం వరకే నా పని. చెప్పడం ఆయన పని."

అతను జెల్ తుడుచుకుని తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి గొంతు వినపడింది. ఈసారి మెత్తగా. "మెట్లు మెల్లగా దిగండి."

"అంటే ఏదో ఉందన్నమాట."

"నేనేమీ అనలేదు," అని ఆమె గబుక్కున తలుపు వేసేసుకుంది.

డాక్టరు చుట్టూ తిప్పకుండా చెప్పేశారు. పాత కుట్టు దగ్గర కండ విడిపోయి సందు ఏర్పడింది, అందులోంచి పేగు బయటికి తొంగిచూస్తోంది. హెర్నియా. సందు చిన్నదే కాబట్టి చిన్న వల వేసి కుట్టేస్తే సరిపోతుంది. ఆపరేషన్ అయ్యేదాకా బరువులు ఎత్తకూడదు. పేగు ఆ సందులో ఇరుక్కుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పీ వాంతులూ మొదలైనా ఉన్నపళంగా రావాలి.

అన్నిటికీ తలూపాడు. బయటికొచ్చి మందుల షాపులో పొట్టకి బిగించే బెల్టు కొనుక్కుని, ఎవరికీ చెప్పకుండా పనిలోకి వెళ్ళిపోయాడు.

ఎందుకు చెప్పలేదంటే, భయం. కత్తికి కాదు. చెబితే బావ అతన్ని వ్యానులో కూర్చోబెడతాడు. బరువు ఎత్తని క్రేన్‌ని ఏమని పిలుస్తారు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా బెల్టు ఇంకో రంధ్రం బిగించేవాడు.

తర్వాతి వారం వానలో ఒక ఇల్లు మార్చే పని వచ్చింది. తల్లీ కూతురూ ఉండే ఇల్లు. కింది వాటానుంచి ఇంకో వీధిలో రెండో అంతస్తుకి. అక్కడ లిఫ్టు లేదు. వాకిట్లో తడుస్తున్న స్కూటర్ చూడగానే అతని కాళ్ళు నెమ్మదించాయి. తలుపు తీసింది స్కానింగ్ అమ్మాయే. మాస్కు లేకుండా ఆమె మొహం చూడటం అదే మొదటిసారి. కింది సగం పై సగానికి తగ్గట్టే ఉంది. చూస్తూ ఉండిపోయాడు.

"మీరా!" అంది. ఆమె చూపు అతని పొట్టమీద వాలింది. వెంటనే నాలుక కరుచుకుంది.

"నీకు తెలుసా ఈ అబ్బాయి?" అంది తల్లి.

"ఆస్పత్రి గేటు దగ్గర పోట్లాడుకున్నాం," అంది కూతురు. అబద్ధమేమీ కాదు.

బావా, డ్రైవరూ వ్యాను మీద టార్పాలిన్ సర్దుతుంటే ఆమె అతన్ని వంటింట్లోకి సైగ చేసి పిలిచింది.

"ఆపరేషన్ అయిందా?"

"ఇంకా లేదు."

"మీ వాళ్ళకి చెప్పారా?"

"లేదు. మీరూ చెప్పకండి."

"నేను చెప్పకూడదు. పేషెంట్ల సంగతులు కడుపులోనే దాచుకోవాలి. అందుకే మిమ్మల్ని చెప్పమంటున్నాను."

"నా సంగతి నేను చూసుకుంటాలెండి."

"ఏం చూసుకుంటారు? చూసింది నేను!" అంది పళ్ళ బిగువున. "కాస్త తగ్గండి."

"తగ్గను," అని అతను హాల్లోకి వచ్చేశాడు.

ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. నోరు విప్పడానికి లేదు, చూస్తూ ఊరుకోవడానికీ లేదు. అతను కుట్టుమిషను ఎత్తడానికి వంగాడు.

"ఖొఖ్!"

అతను తలెత్తాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది, ఏమీ ఎరగనట్టు. మిషను వదిలేసి ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళాడు.

"ఖొఖ్, ఖొఖ్!"

ఈసారి అతనికి నవ్వొచ్చింది. ట్రంకుపెట్టె వదిలి గడియారం చేతిలోకి తీసుకున్నాడు. దగ్గు లేదు. రెండు దిండ్లు తీసుకున్నాడు. అప్పుడూ లేదు. పుస్తకాల బీరువా మీద చెయ్యి వెయ్యగానే గది దద్దరిల్లింది.

"వానలో తడవకే అంటే విన్నావా?" అంటూ తల్లి వేడినీళ్ళు తెచ్చింది.

"దుమ్ము పడలేదేమోనమ్మా," అన్నాడు బావ జాలిగా. "ఒరేయ్ క్రేన్, ఆ దిండ్లు సుతారంగా మోస్తావేంట్రా పెళ్ళికొడుకులా? పెద్దవి గబగబా కానియ్. పాపం, ఆ అమ్మాయి ఊపిరాడక చచ్చేలా ఉంది."

స్కానింగ్ అమ్మాయి చేతిలో వేడినీళ్ళ గ్లాసుతో బిక్కచచ్చిపోయింది. తన దగ్గు తననే ముంచుతుందని అనుకోలేదు.

కొత్త ఇంటి మెట్ల దగ్గర చివరికి ఫ్రిజ్ ఒక్కటే మిగిలింది. వాన ఇంకా పడుతూనే ఉంది. బావ తాడు తెచ్చి అతని భుజాన వేశాడు. "ఇది నీదే. కానియ్."

క్రేన్ గొంతుక్కూర్చున్నాడు. తాడు బిగించాడు. లేవబోయేసరికి బెల్టు కింద ఏదో పొడుచుకొచ్చినట్టయింది.

పై మెట్టు మీదినుంచి దగ్గు వినపడింది. మళ్ళీ, మళ్ళీ. అతను చిరాగ్గా తలెత్తాడు. ఆమె గోడ పట్టుకుని నిలబడి దగ్గుతోంది. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు దగ్గువల్ల వచ్చినవి కావు. ఎవరో తన కోసం అంతగా భయపడటం అతను ఎప్పుడూ చూడలేదు. అందరూ అతను ఎత్తుతుంటే చప్పట్లు కొట్టినవాళ్ళే.

భుజంమీది తాడు తీసేశాడు.

"బావా, నేను ఎత్తలేను."

"ఎత్తలేకపోవడమేంట్రా? నువ్వా?"

అతను చొక్కా పైకెత్తి బెల్టు చూపించాడు. "పాత కుట్టు దగ్గర విడిపోయింది. హెర్నియా అన్నారు. మళ్ళీ కొయ్యాలట."

డ్రైవరు చూపు తిప్పుకుని వానని చూశాడు. బావ వంగి బెల్టుని దగ్గరగా చూశాడు.

"అక్కకి తెలుసా?"

"లేదు."

"అయితే ముందు నా పని పడుతుంది, తర్వాత నీ పని." బావ తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్నాళ్ళూ నిన్ను చూసుకుని నేను కుర్చీలు మోసి బతికాన్రా. నాకు చెప్పాలని కూడా అనిపించలేదా?"

ఆ ఫ్రిజ్‌ని బావ, డ్రైవరు, ఆ కొత్త ఇంటి కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారు కలిసి ఎక్కించారు. మలుపు మలుపునా మాస్టారు ఏ కోణంలో తిప్పాలో చెబుతూ దారికి అడ్డం పడ్డారు. క్రేన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. సిగ్గుగా ఉంది, హాయిగానూ ఉంది.

"మీ దగ్గు తగ్గిందా?" అన్నాడు పక్కకి చూడకుండా.

"మీరు తగ్గారుగా. అదీ తగ్గింది," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. దగ్గు వచ్చినప్పుడల్లా దిండుని పొట్టకి హత్తుకోమని నర్సు చెప్పింది. నవ్వు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పలేదు. స్కానింగ్ అమ్మాయి రోజూ భోజనాల వేళ వార్డులోకి తొంగిచూసేది, లెక్కల మాస్టారి గురించి ఏదో ఒకటి చెప్పేది. అతను దిండుని హత్తుకుని "అమ్మా, వద్దండీ, కుట్లు లాగుతున్నాయి" అని బతిమాలేవాడు. మంచం పక్కన కూర్చున్న అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మంచినీళ్ళ వంకన లేచి వెళ్ళిపోయేది. ఆమె రావడం ఒట్టి మర్యాదకేనేమో, పేషెంటు మీద జాలితోనేమో అని అతనికి అనుమానం. ఇంటికి వెళ్ళాక ఆ అనుమానం పెరిగింది.

కుట్లు మానాక మచ్చ దగ్గర మళ్ళీ చిన్న ఉబ్బు తేలింది. బావ గాభరాపడ్డాడు. అక్క ఏడ్చింది. డాక్టరు మళ్ళీ స్కాన్ రాశారు. క్రేన్ కూడా భయపడ్డాడు గాని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరాడు. బావ వ్యానుని స్టాఫ్ గేటుకి బహుదూరంగా ఆపాడు.

స్కాన్ గదిలో ఎవరో నెరిసిన జుట్టు పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఆవిడ రాలేదాండీ ఇవాళ?"

"వచ్చింది. పక్కగదిలో ఉంది."

"మరి..."

"నీ స్కాన్ తను చెయ్యనంది. పడుకో."

అతనికి తల కొట్టేసినట్టయింది. పడుకున్నాడు. పొట్టలో ఏముందో అన్న బెంగ ఒకటి, ఇప్పుడు దాని మీద ఇది. "ఎందుకటండీ?"

పెద్దాయన తీరిగ్గా జెల్ పోశాడు. "మాకో పద్ధతుందిలే బాబూ. సొంతవాళ్ళకి మేం స్కాన్ చెయ్యం. చెయ్యి వణుకుతుంది, ఉన్నది కనపడదు, లేనిది కనపడుతుంది. మా ఆవిడకి నేనెప్పుడూ చెయ్యలేదు." తెర సరిచేసుకుంటూ అడిగాడు. "ఇంతకీ నువ్వేమవుతావు ఆ అమ్మాయికి?"

క్రేన్ పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"సర్లే. దగ్గు."

దగ్గడం మర్చిపోయాడు.

"దగ్గవయ్యా!"

"ఖొఖ్," అని పక్కగది తలుపు వెనకనుంచి వినపడింది.

"నిన్ను కాదమ్మా!" అని అరిచాడు పెద్దాయన.

హెర్నియా కాదన్నారు డాక్టరు. కుట్టు దగ్గర కాస్త నీరు చేరిందని, దానంతట అదే తగ్గిపోతుందని చెప్పారు. ఆ మాట బావకి ఫోన్‌లో చెప్పి వరండాలోకి వచ్చేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది. మాస్కు గడ్డం కిందికి దించి ఉంది.

"ఏమన్నారు?"

"ఒట్టి నీరేనట."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. గోడకి ఆనుకుంది.

"నేను మీకేమవుతానని అడిగారు ఆ పెద్దాయన," అన్నాడు అతను.

"మీరేం చెప్పారు?"

"మిమ్మల్ని అడిగి చెబుదామని ఊరుకున్నాను."

ఆమె మాస్కు పైకి లాక్కోబోయి మానేసింది. "అమ్మ కూడా అదే అడిగింది. నేను ఊరుకోలేదు, చెప్పేశాను." తర్వాత గబగబా అనేసింది. "ఆదివారం మీ అక్కనీ బావనీ తీసుకుని ఇంటికి రమ్మంది. వస్తారా?"

"వస్తాం," అన్నాడు. నవ్వితే కుట్లు లాగడం లేదు. "వచ్చి ఏమన్నా ఎత్తి పెట్టాలా?"

"ఎత్తండి చూద్దాం," అంది ఆమె. "దగ్గుతాను."