ఓడ ఆగని విహారం

"ఆస్బర్గ్ నాకు ప్రాణాలతో కావాలి." చెవిలో దాచిన బుల్లి రిసీవర్‌లో కర్నల్ త్రెవిన్యో గొంతు గరగరలాడింది. "చిప్‌తో సహా. కొనడానికొచ్చే మనిషితో సహా. అర్థమైందా అమ్మాయ్?"

"అర్థమైంది సార్."

అర్థమైంది కానీ యురీదియా సాల్దివార్‌కు రుచించలేదు. మెక్సికో నౌకాదళ గూఢచారి విభాగంలో చేరిన నాటి నుంచీ ఆమెకు కావలసింది ఆస్బర్గ్ శవం. మన్సానియో తీరానికి దూరంగా ఆమె అన్న ఎఫ్రాయిన్‌ను నడిసముద్రంలో దింపి, పడవ తిప్పుకుని పోయిన విదేశీ ముఠా నాయకుడు వాడే. ఎఫ్రాయిన్ గజ ఈతగాడు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ ఈదాడని శవాన్ని కోసిన డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె కడుపులో ఇంకా రగులుతూనే ఉంది.

ఇప్పుడామె ప్యూర్తో వయార్తా రేవులో ఆగిన క్రూజ్ ఓడలో, ఒడ్డు మీది విహారాలకు టికెట్లు రాసే షోర్ ఎక్స్‌కర్షన్ డెస్క్ వెనక కూర్చుంది. తెల్ల యూనిఫాం, రాగిరంగు విగ్గు, చెవి నుంచి చెవి దాకా నవ్వు. పసిఫిక్ తీరంలో నౌకాదళం గస్తీ పడవలు తిరిగే దారులన్నీ ఒక చిప్‌లో పెట్టుకుని ఆస్బర్గ్ ఇదే ఓడలో వచ్చాడు. దాన్ని అడవిలో చేతులు మారుస్తాడని కబురు తెచ్చింది డెల్ఫీనా, హోటల్లో పాటలు పాడే అందగత్తె. నౌకాదళానికి వార్తలమ్మే మనిషే. ఇంకెవరికి అమ్ముతుందో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆస్బర్గ్ వచ్చి డెస్క్ మీద మోచేతులు ఆనించాడు.

"అడవిలోకి ఏమున్నాయి?"

"మూడు సార్. కంచరగాడిద సవారీ, జీపు, తీగ మీద జారే జిప్‌లైన్."

"జనం తక్కువుండేది?"

"జిప్‌లైనే. కానీ సార్..." అతని పొట్ట వైపు చూసి నాలుక్కరుచుకుంది. "మీ వయసుకి గాడిదే మేలేమో!"

"గాడిదనెక్కి నువ్వే ఊరేగు. నాకు జిప్‌లైన్ రాయి." కాస్త వంగి గొంతు తగ్గించాడు. "ఇది ఓడవాళ్లదేనా? రేవులో అరిచే బేరగాళ్లది కాదు కదా?"

ఓడెక్కిన వాడెవడైనా అడగాల్సిన ప్రశ్నే. ఓడవాళ్లు నడిపే విహారం ఆలస్యమైతే ఓడ ఆగి తీరుతుంది, మనిషి రాకపోతే కెప్టెన్ రాయబార కార్యాలయం దాకా కదిలిస్తాడు. బయటి వాళ్లతో వెళ్లి ఆలస్యమైతే మాత్రం పాస్‌పోర్టు రేవులో పడేసి ఓడ తన దారిన తను పోతుంది.

"అచ్చంగా ఓడవాళ్లదే సార్!" టికెట్ మీద ఓడ ముద్ర గుద్దింది యురీదియా.

పచ్చి అబద్ధం. ఆ జిప్‌లైన్ రేవులో అందరికన్నా గట్టిగా అరిచే నబోర్‌ది. నబోర్ ఆమెకు సాక్షాత్తూ మేనమామ. ఇది కర్నల్ చెప్పిన పని కాదు, ఆమె సొంత సరదా.

ఆస్బర్గ్ పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు.

మధ్యాహ్నానికి విగ్గు మీద హెల్మెట్, నల్ల కళ్లద్దాలతో ఆమె కొండ మీద గైడ్ వేషంలో ఉంది. ఆస్బర్గ్‌ను తీగకు తగిలించి లోయలోకి వదిలింది. అవతలి మంచె మీద చిప్ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇటు తిరగగానే బైనాక్యులర్స్‌లో ముఖం కనిపించింది.

డెల్ఫీనా!

గోడ మీద పిల్లి ఎట్టకేలకు అటు దూకింది. కబురు నౌకాదళానికి అమ్మి, ఏ విహారమో వాళ్లకు తెలియదన్న ధీమాతో చిప్ కూడా తనే కొనడానికి వచ్చింది. యురీదియా చేతి గడియారం మీట నొక్కింది. కప్పీలో అమర్చిన బ్రేకు పట్టేసింది. ఆస్బర్గ్ నడిమధ్య గిలగిలా వేలాడాడు. డెల్ఫీనాకు క్షణంలో అంతా అర్థమైంది. అతను దొరికితే ముందు తన పేరే చెబుతాడు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసి గురిపెట్టింది.

"మా వాళ్లింకా మంచె మెట్ల మీదే ఉన్నారు. ఏదో ఒకటి చెయ్యి!" చెవిలో కర్నల్ అరిచాడు.

ఏమీ చెయ్యకపోతే చాలు. తన చేతికి నెత్తురంటకుండానే పగ తీరుతుంది. కానీ ఒక్క తూటాతో, ఇంత హాయిగానా? అందరూ వదిలేసి పోవడమంటే ఏమిటో తెలియకుండానే చస్తాడా వీడు?

ఆమె బ్రేకు పూర్తిగా వదిలేసింది.

ఆస్బర్గ్ అరుస్తూ దూసుకెళ్లి, తన బరువంతా వేసి డెల్ఫీనా మీద పడ్డాడు. తూటా ఆకాశానికి పోయింది, పిస్తోలు కింద లోయలోని ఏట్లో పడింది, అతని కాలు ఫట్‌మని విరిగింది. యురీదియా తీగ మీద జారి చేరేసరికి, మెట్లెక్కొచ్చిన నావికులు డెల్ఫీనాకు సంకెళ్లు వేసి, ఆస్బర్గ్ టోపీ అంచులోంచి చిప్ తీస్తున్నారు.

దూరంగా ఓడ కూత వేసింది. అంత నొప్పిలోనూ ఆస్బర్గ్ నవ్వాడు.

"ఓడవాళ్ల విహారం ఇది. నేనెక్కందే కదలదు. కెప్టెన్ మీ పైవాళ్లందరికీ ఫోన్లు చేస్తాడు, చూడు."

యురీదియా హెల్మెట్, విగ్గు తీసేసింది. "ఓడవాళ్లది కాదు, మా మామయ్యది. నేను ఎఫ్రాయిన్ సాల్దివార్ చెల్లెల్ని."

నవ్వు ఆగిపోయింది. చెట్ల సందున తెల్లని ఓడ మెల్లగా మలుపు తిరిగి సముద్రం వైపు సాగింది.

"ఆగండి! నేనిక్కడున్నా!" గొంతు చించుకున్నాడు ఆస్బర్గ్. ఓడ చుక్కంతయ్యేదాకా అరుస్తూనే ఉన్నాడు. యురీదియా అతని ముఖమే చూస్తూ కూర్చుంది. అన్న పోయిన తర్వాత ఆమె కడుపు చల్లబడటం ఇదే మొదలు.

"ఇప్పుడు నన్నెక్కడికి తీసుకెళ్తారు?" చివరికి నీరసంగా అడిగాడు.

"ఇంకో విహారానికి సార్," అందామె ఎంతో మర్యాదగా. "ఇది మాత్రం పూర్తిగా ప్రభుత్వానిదే."