ఆరో వేలు

పత్రికాఫీసులో అతన్ని అందరూ జల్లెడ అంటారు. జనం పంపే ఫొటోల్లో ఏది అసలో, ఏది ఏఐ చేసిందో తేల్చడం అతని ఉద్యోగం. నీడలు చూస్తాడు, ఏఐ తరచూ తడబడే వేళ్లను లెక్కపెడతాడు, "నకిలీ" అని పక్కన పడేస్తాడు. రానురానూ ఆ మాట అనడానికి రుచి మరిగాడు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. టీ తాగుతుంటే చెల్లెలి దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. కొత్తగా అద్దెకు దిగిన మేడమీది వాటాలో ఆమె ఒక్కతే ఉంటోంది. ఫొటోలో ఆ ఇంటి వంటింటి గుమ్మం. లోపలి చీకట్లోంచి ఒక ముసలి చెయ్యి వచ్చి తలుపు రెక్కను పట్టుకుని ఉంది. దానికి ఆరు వేళ్లు.

అతను పగలబడి నవ్వాడు. పోయిన నెల ఇదే పిల్ల తన డాబా మీద చిరుతపులి ఉన్నట్టు ఫొటో తయారుచేసి పంపితే, నిజమని నమ్మి అటవీశాఖకు ఫోన్ చేశాడు. వారం రోజులు ఆఫీసంతా నవ్వుకున్నారు.

ఫోన్ మోగింది.

"అన్నయ్యా..." గుసగుస. "వంటింట్లో ఎవరో ఉన్నారు. తడిబట్టల ముక్కవాసన... బయటి తలుపు గడియ రావట్లేదు. తొందరగా రా."

"అబద్ధమాడినా అతికినట్టుండాలే! ఆరు వేళ్లు పెట్టావేంటి?"

"నీ మీద ఒట్టు అన్నయ్యా... ఆ చెయ్యి..."

"పనుంది, పెట్టేయ్."

రెండో ఫొటోలో ఆ చెయ్యి పడగ్గది గుమ్మాన్ని పట్టుకుంది. మూడోదాంట్లో మంచం అంచుని. గోళ్ల కింద మట్టి కూడా కనిపిస్తోంది. "పనితనం పెరిగింది" అని రాసి పంపాడు.

తర్వాత ఫొటోలు రాలేదు.

సాయంత్రానికి మనసు కీడు శంకించింది. పరుగున వెళ్లాడు. లోపల గడియ పెట్టి ఉంది. ఇంటివాళ్లతో కలిసి తలుపు విరగ్గొట్టాడు. కిటికీలకు చువ్వలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మంచం మీద ఫోన్, ఛార్జింగ్ అయిపోయి. చెల్లెలు లేదు. గదినిండా ముక్కవాసన...

ఇంటి యజమానురాలు ఫొటో చూసి గోడకు చేరబడిపోయింది. "మా అత్తగారి చెయ్యి బాబూ ఇది. ఆవిడకి పుట్టుకతోనే ఆరు వేళ్లు. పోయి పన్నెండేళ్లయింది."

ఠాణాలో పోలీసాయన వేళ్లు లెక్కపెట్టి, ఫొటోని వెనక్కి తోశాడు. "ఏఐ ఫొటో. వేళ్లు లెక్కపెట్టుకోమని మీ పేపర్లోనే రాస్తారు కదండీ!"

 అతనికి తన నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, చెల్లి ఫొటో పంపిందిరా! మన వంటింట్లోనే నవ్వుతూ నిలబడింది. ఎప్పుడొచ్చిందో, పిల్లిలా!"

చెల్లెలి ఫోన్ అతని ఎదుటే ఠాణా బల్ల మీద ఉంది. ఇంకా ప్రాణం రాలేదు దానికి. అమ్మ పంపిన ఫొటో తెరిచాడు. నీడలు సరిగ్గా ఉన్నాయి. వేళ్లు సరిగ్గా ఉన్నాయి. ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు.

"అమ్మా, అది నకిలీ! లోపలికి వెళ్లకు!"

"నీకు లోకమంతా నకిలీయేలే. అదిగో, లోపల అలికిడి... పలకరించొస్తా, ఉండు."

చెప్పుల చప్పుడు దూరమైంది. "ఎప్పుడొచ్చావే తల్లీ..." అంటోంది అమ్మ. ఆ వెనకే వంటింటి తలుపు కిర్రుమంటూ మూసుకుంది. గడియ పడింది.

అమ్మ వంటింటికి అసలు తలుపే లేదు.