అంచనా చుక్క

సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే ఖలీల్‌కు లైసెన్సు తీసుకుని రేడియో నడిపే సరదా ఉంది. తల్లి పోయాక పిల్లలు ఉజ్మా, ఖాలిద్ కోరుట్లలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్నారు. వాళ్లు బయల్దేరారంటే చాలు, ఇల్లు చేరేదాకా ఆయనకు ముద్ద దిగదు. ఈసారి పక్కింటి రాజమౌళి తన కారులో తీసుకొస్తున్నాడు. ఆ కారులో ఖలీల్ చిన్న రేడియో బిగించాడు. అది తానెక్కడుందో చెబుతూ ఉంటుంది, మిద్దె మీది ఏరియల్ అందుకుంటుంది, లాప్‌టాప్‌లోని మ్యాపు మీద ఎర్ర చుక్క కదులుతుంది.

"నా కారుకు తోక పెట్టినవ్ గద భాయ్," అని పొద్దున రాజమౌళి నవ్వాడు. "నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్ముత. రోడ్డునే నమ్మ."

దారిలోని రుద్రంగి గుట్టల్లో సిగ్నల్ తెగుతుందని ఆయనకు తెలుసు. చుక్క మాయమైతే తట్టుకోలేనని సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆప్షన్ పెట్టుకున్నాడు. కబురు అందకపోతే చివరి వేగంతో, చివరి దిక్కులోనే చుక్కను అంచనాగా నడిపిస్తుంది. అప్పుడది బూడిద రంగులో కనిపిస్తుంది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేసరికి చుక్క బూడిద రంగైంది.

రోడ్డు వంపు తిరిగింది. చుక్క తిరగలేదు. తిన్నగా పత్తిచేన్ల మీదుగా, చెరువు మీదుగా వస్తోంది. ఉత్త అంచనాయే కదా అనుకున్నాడు. ఫోన్లు కలవడం లేదు. చుక్క ఆయన గల్లీలోకి వచ్చింది. అంచనాకు ఆగడం తెలియదు...

ఇంటి ముందు ఆగింది.

అప్పుడే కరెంటు పోయింది. మగ్గాల చప్పుడంతా ఒక్కసారిగా అణిగిపోయింది. తలుపు సందులోంచి చెరువు బురద వాసన.

"అబ్బా... అచ్చినం."

ఉజ్మా గొంతే, నాన్నను పిలుస్తోంది. గొళ్లెం మీద చెయ్యి వేశాడు. ఆగాడు. ఆయన పిల్లలు సలాం చెప్పకుండా గడప తొక్కరు.

"సలాం ఏది, బిడ్డా?"

జేబులో ఫోను మోగింది.

"అస్సలాము అలైకుమ్ అబ్బా," ఖాలిద్. "గుట్టలల్ల టైరు పంచరైంది. సిగ్నల్ లేకుండె. గిప్పుడే బయల్దేరినం."

"అక్క ఏది?"

"నా పక్కనే ఉన్నది. రాజమౌళి మామకు టార్చి పట్టి పట్టి చేతులు గుంజుతున్నయంటది."

ఖలీల్ గొళ్లెం వదిలేశాడు. లాప్‌టాప్‌లో ఆ అంచనా ఆప్షన్ తీసేశాడు. బూడిద చుక్క పోవాలి.

పోలేదు. కొద్దిగా జరిగింది... వాకిట్లోంచి ఇంట్లోకి.

వెనక్కి తిరిగి చూడలేదు. గోడకు వీపు ఆనించి, తలుపునే చూస్తూ నిలబడ్డాడు.

చివరికి కారు హారన్. రెండు సలాములు. తలుపు తీసి ఇద్దరినీ తడిమి చూశాడు. పొడి బట్టలు, దుమ్ము కాళ్లు. కరెంటు వచ్చింది, మగ్గాలు మొదలయ్యాయి. ఉజ్మా బ్యాగు పెట్టడానికి లోపలి గదిలోకి వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అబ్బా," అంది మెల్లగా, "మా మంచంల ఎవలు పండుకున్నరు?"

బొంత మీద రెండు చిన్న గుంతలు. దిండుకు అంటుకుని ఒక పత్తి ఆకు. ఖలీల్ గుంతల్లో చెయ్యి పెట్టి చూశాడు.

తడిగా ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.