ముప్పై రోజుల అయస్కాంతం

పొద్దున్నే తల్లిని వాకిట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది కళ్యాణి. చాయ్ మీద మీగడ కట్టినా జమున ముట్టలేదు. తొర్రూరు పక్కనున్న ఆ తండాలో, ఆ ఇంట్లో రెండేళ్లుగా తెల్లారడం ఇలాగే. ఒకప్పుడు పత్తి చేనులో నలుగురి పని ఒక్కతే చేసిన మనిషి, ఇప్పుడు తినమంటేనే తింటుంది, పడుకోమంటేనే పడుకుంటుంది.

మాత్రలు మార్చి మార్చి విసిగిన డాక్టరు, మనసు కుంగినవాళ్ల తలకు అయస్కాంతం పెట్టే మిషను వరంగల్‌లో ఉందన్నాడు. కోత లేదు, మత్తు లేదు. కుర్చీలో కూర్చుంటే తల మీద టకటకా కొడుతుంది, అంతే. కళ్యాణి బడిలో టీచరు కొలువు మానేసి ముప్పై రోజులు అమ్మానాన్నలను బస్సులో తిప్పింది. అవి అయిపోయి నెల దాటినా జమునలో మార్పు లేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే ఫోను మోగింది. బచ్చన్నపేట రజని. అదే కుర్చీలో రోజూ జమున కన్నా ముందు కూర్చునేది.

"అక్కా, ఇయ్యాల చేన్లకు పోతున్న. పదో రోజు సంది మంచిగ నిద్ర పడుతుంది. అవ్వ ఎట్లున్నది?"

"మంచిగుంది," అని పెట్టేసింది కళ్యాణి. ఆ అబద్ధంతో ఒళ్లు మండి తల్లి మీద విరుచుకుపడింది.

"గదే మిషను, గదే కుర్చీ! ఆమె లేచి తిరుగుతుంది. నువ్వేమో గిట్లనే కూసుంటవ్. బాగుపడాలని నీకే లేదు, యాడీ!"

యాడీ అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ. ఆ పూట ఆ పిలుపులో అమ్మ లేదు, కోపమే ఉంది.

గొడ్ల దగ్గర్నుంచి వచ్చిన తండ్రి వాల్యా ఆగిపోయాడు.

"డాక్టరేమన్నడు? ఒకలకు పనిజేస్తది, ఒకలకు చెయ్యది, ముందుగాల చెప్పలేమన్నడు కదా బిడ్డా."

"పట్టుదల ఉంటే ఎవలకైనా చేస్తది, బాపు."

కూతురి మీద ఎన్నడూ గొంతెత్తని మనిషి ఎత్తాడు.

"నువ్వు బయట చీటీలు రాయించేదానివి. లోపట ఏమయ్యేదో నీకెర్కనా? తలకాడ వెండి ఉండొద్దన్నరు. టోప్లీలు తియ్యమన్నరు."

జుట్టుకు కట్టి చెంపల మీదికి వేలాడదీసే ఆ వెండి టోప్లీలను తండాలో జమున ఈడు ఆడవాళ్లు మొగుడు పోయిననాడే తీస్తారు. చదువుకున్న కళ్యాణికి అది తెలియక కాదు. తట్టలేదు.

"మొదటి దినం మీ యాడీ అవి తీసి నా చేతుల పెట్టింది. 'నా ఎదురుంగ నిలబడు, నువ్వు పానంతోని ఉన్నవని చూసుకుంట కూసుంట' అన్నది. ముప్పై దినాలు ఆ గది అద్దాల తలుపు ఇవతల నిలవడ్డ. అయినంక నేనే మళ్ల కట్టేటోన్ని. బాగుపడాలని లేకనే తీసిందా?"

కళ్యాణి తల్లి కాళ్ల దగ్గర కూలబడి బావురుమంది. తన కష్టమే కష్టమనుకుంది ఇన్నాళ్లూ.

జమున పెదవులు కదిలాయి.

"శానా కోషిష్ చేసిన బిడ్డా. అయితలేదు."

ఆ ముక్క అనడానికే అలసిపోయి మళ్లీ నేల చూపులు చూసింది. కళ్యాణి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. తల్లి చెయ్యి లేస్తుందేమోనని వాల్యా ఆశగా చూశాడు. లేవలేదు. కళ్యాణే ఆ చేతిని తీసుకుని తన తల మీద పెట్టుకుంది. అది పెట్టినచోటే ఉండిపోయింది.