రంగుల షెడ్డులో చెయ్యి లాగేవాడు

మేం గంగ అని పిలుచుకునే హుగ్లీ ఒడ్డున మా జూట్ మిల్లులో నూలుకి రంగులు వేసే షెడ్డు ఒకటుంది. రాత్రి డ్యూటీలో దాని వెనక గోడ దగ్గరికి వెళ్ళమంటే, మీసం మెలేసే మొనగాళ్ళకి కూడా ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేది.

ఆ గోడకి రెండు ఇనప చక్రాలున్నాయి. ఎదురుగా ఉన్న రెండు రంగు తొట్లలోకి ఆవిరి వదలడానికి. ఒక చక్రం తిప్పుదామని పోతే... చీకట్లోంచి ఎవరో చెయ్యి పట్టుకుని రెండోదాని మీద వేస్తారని పేరు.

ఎవరో కాదు — హరాధన్.

హరాధన్ ఒకప్పుడు అక్కడ ఆవిరి చూసుకునేవాడు. ఒక రాత్రి ఒక తొట్టికి వదలాల్సిన ఆవిరి రెండో తొట్టికి వదిలాడు. అందులో ఓ మనిషి దిగి అడుగు కడుగుతున్నాడు... ఆ పైన నేను చెప్పను, మీరు వినలేరు.

తాగి చేశాడన్నారు కంపెనీవాళ్ళు. జ్వరమొస్తే కషాయం కూడా ముక్కు మూసుకుని తాగే మనిషి! అయినా ఎవడు విన్నాడు? పని తీసేశారు, కేసు పెట్టారు. జామీను మీద బయటికొచ్చిన రాత్రే వెళ్ళి గంగలో దూకాడు.

ఆ తర్వాత మరో ఇద్దరు అదే గోడ దగ్గర అదే తప్పు చేశారు. తొట్టిలో మనుషులు లేరు గనక బతికిపోయారు. కానీ ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. అప్పట్నుంచీ హరాధన్ దెయ్యమైపోయాడు. బతికుండగా ఎవరి చెయ్యీ గట్టిగా పట్టుకోని మనిషి, చచ్చాక అందరి చేతులూ లాగుతున్నాడట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

సరే, ఇప్పుడక్కడ ఆవిరి చూసుకునే నిమాయ్ సంగతి చెబుతాను. ఆ రాత్రి జరిగింది నాకు వాడూ, తొట్లు కడిగే బిశూ చెప్పారు.

వానాకాలం. షెడ్డు నిండా ఆవిరి, మసక వెలుగు. ఎడమ తొట్టి నీలం రంగుది. అందులో నూలు వేసి సిద్ధంగా ఉంచారు. కుడి తొట్టి ఎర్రరంగుది. అందులో బిశూ దిగి గీకుతున్నాడు.

"నిమాయ్‌దా... ఎడమదానికి వదులు, అన్నా!" అని అరిచారెవరో.

నిమాయ్ ఎడమ తొట్టి కేసి చూశాడు. వెనక్కి తిరిగాడు. గోడ దగ్గరికి నడిచాడు. చక్రం మీద చెయ్యి వేశాడు... తిప్పాడు...

వెనక నుంచి కేక!

అది బిశూ గొంతు. కుడి తొట్టిలోంచి పొగ లేస్తోంది. నిమాయ్ చక్రం బిగించేసి, పరిగెత్తి, వాణ్ణి జబ్బ పట్టుకుని పైకి లాగాడు. పాదం ఒకటి ఉడికిపోయింది. ప్రాణం దక్కింది.

"నా చెయ్యి... అది నా చెయ్యి కాదు..." అని గొణుగుతూ నిమాయ్ గోడకి చేరగిలబడ్డాడట.

మర్నాడు షెడ్డులోనే విచారణ. మేమంతా చుట్టూ నించున్నాం. గేటు దగ్గర పోలీసు జీపు. నిమాయ్‌ని ఎక్కించడానికే వచ్చింది. మేనేజరు సన్యాల్ బాబు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. హరాధన్ ఉన్న రోజుల్లోనే, తొట్ల పక్కనుండే చక్రాల్ని, చోటు చాలట్లేదని ఎదురుగోడకి మార్పించింది కూడా ఆయనే.

"తాగావా?"

"లేదు బాబూ."

"నిద్రపోయావా?"

"లేదు బాబూ."

"మరి కళ్ళు దొబ్బాయా?"

"చెయ్యి... దానంతటదే పోయింది బాబూ..."

"హరాధన్ లాగాడంటావు! మీ వెధవపన్లన్నీ మొయ్యడానికి చచ్చినవాడొకడు దొరికాడు మీకు."

బిశూ కట్టు కట్టిన కాలీడ్చుకుంటూ ముందుకొచ్చాడు. "నిమాయ్‌దా పైకి లాగకపోతే నేను లేను బాబూ."

"నోర్ముయ్. ఆవిరి వదిలిందీ వాడే." సన్యాల్ బాబు విసురుగా లేచాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా? చూడండ్రా, కళ్ళప్పగించి చూడండి!"

తొట్లలో ఎవరూ లేరని మేస్త్రీ దూబే వంగి చూసి చెప్పాడు.

"ఎడమ తొట్టికి వదుల్తున్నా." బాబు దానికేసి వేలు చూపించాడు. వెనక్కి తిరిగాడు. బూట్లు టకటకలాడిస్తూ గోడ దగ్గరికి నడిచాడు. చక్రం పట్టుకున్నాడు...

తిప్పాడు.

బుస్సుమంది — కుడి తొట్టి.

ఎవరూ నవ్వలేదు. సన్యాల్ బాబు తన చేతికేసే చూసుకుంటూ ఉండిపోయాడు. నుదుటి మీద చెమట కణతల మీదికి జారుతోంది.

నేను దగ్గరే ఉన్నాను. అంతా చూశాను. ఆయన చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. తొట్లకేసి తిరిగి 'ఎడమ' అనుకున్నాడు. గోడకేసి తిరిగాక కూడా ఎడమ చక్రమే అందుకున్నాడు. మనిషి వెనక్కి తిరిగితే ఎడమ తొట్టి కుడిచేతివైపుకి వస్తుంది కదా! దాని చక్రమూ కుడివైపునే ఉంటుంది. చంటిపిల్లవాడికి కూడా అర్థమయ్యే ముచ్చట. ఆ రెండు చక్రాలకీ ఒక గుర్తైనా లేదు. అంతే... దానికోసం ఒకడు తొట్టిలో చచ్చాడు, ఒకడు గంగలో చచ్చాడు!

ఇక నిజం బయటపడింది, బతికాం అనుకున్నాను. నిమాయ్ ముఖంలోకి నెత్తురొచ్చింది. సన్యాల్ బాబు పెదాలు కదిలాయి... అందరం ఊపిరి బిగబట్టాం...

"ఎవరో..." అన్నాడాయన మెల్లగా. "ఎవరో లాగారు."

"హరాధనే! సాక్షాత్తూ బాబుగారి చెయ్యే పట్టుకున్నాడు!" దూబే లెంపలు వేసుకున్నాడు. "ధూపం తెండ్రా!"

నిమాయ్‌ని వదిలేశారు. జీపు ఖాళీగా వెళ్ళిపోయింది. వదలక చస్తారా? కూలివాడి చెయ్యి తప్పితే తాగుడు, దొరగారి చెయ్యి తప్పితే దెయ్యం. నా నోటిదాకా వచ్చిన బూతుల్ని ఎలా మింగానో నాకే తెలుసు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఖేంతీ మాసీ లోపలికొచ్చింది. హరాధన్ భార్య, మాకందరికీ పిన్ని వరస. గేటు బయట మరమరాలు అమ్ముకుంటుంది. ఆ షెడ్డులో ఆవిడ అడుగుపెట్టడం అదే మొదలు.

"నా మొగుడు బతికుండగా మీ ఎదట తలెత్తి మాట్లాడింది లేదు బాబూ," అంది. "ఇప్పుడు మీ చెయ్యి పట్టుకునేంత మగాడయ్యాడా?"

దూబే ఆపబోయాడు గానీ ఆవిడ చూసిన చూపుకి పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ తెల్లచీర కొంగు చించింది. నీలం తొట్టిలో ముంచింది. తిన్నగా దానికి ఎదురుగా ఉన్న చక్రానికి తీసుకెళ్ళి ముడేసింది.

"ఇప్పుడు లాగమనండి, చూస్తాను."

ఆ తర్వాత ఏ రాత్రీ, ఎవరి చెయ్యీ, ఎవరూ లాగలేదు. గుడ్డ చీకిపోతే మేమే ఇంకోటి నీలంలో ముంచి కడుతున్నాం.

కానీ దెయ్యం పోలేదు. పోనిస్తేగా! కంపెనీ ఆ గోడ కింద చిన్న గూడు కట్టించింది. ఏటా బంతిపూల దండ వేస్తారు, సన్యాల్ బాబు స్వయంగా కొబ్బరికాయ కొడతాడు.

"లాగడం ఆగిపోయిందిగా దూబే, ఇంకా ఎందుకీ పూజలు?" అని ఓసారి నిలదీశాను.

అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు: "మెల్లగా అనవయ్యా... దెయ్యం లేదంటే, ఆ చక్రాలు అక్కడెవరు పెట్టించారని అడగరూ?"

పూజ అయ్యాక ప్రసాదంగా పెట్టిన సందేశ్ మిఠాయిని పొట్లం కట్టి ఖేంతీ మాసీకి పంపుతారు. ఈ ఏడు తీసుకెళ్ళింది నేనే. ఆవిడ పొట్లం విప్పను కూడా విప్పలేదు. నా చేతిలోనే తిరిగి పెట్టింది.

"దెయ్యానికి మిఠాయిలెందుకు నాయనా?" అంది. "నా మొగుణ్ణి మళ్ళీ మనిషిని చెయ్యమని చెప్పు."